బొమ్మల పుస్తకాలు పోగుచేస్తున్న మేనకోడలికి

బరంపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు భువనేశ్వర్‌లో అద్దెగది ఖాళీ చేస్తున్నావనీ, నాలుగేళ్ళుగా పోగుచేసిన కామిక్స్ అన్నిటినీ మన ఇంటి మేడ మీది గదికి తరలిస్తున్నావనీ, ముంబయిలో ఎవరో అమ్మజూపుతున్న పాత ఇంద్రజాల్ కామిక్స్ కట్టను రెండు లక్షలు పెట్టి కొనబోతున్నావనీ, అవి రాగానే వరుసగా బైండింగు చేయిస్తానంటున్నావనీ చెప్పి, చివరికి "అంతా నీ పోలికే అన్నయ్యా" అని ఫోన్ పెట్టేసింది. అది మెచ్చుకోలో దెప్పుడో ఇప్పటికీ తేలలేదు గాని, ఆ రాత్రి నాకు సంతోషం వల్ల కొంతా, ఆ బైండింగు అన్న మాట వల్ల మరికొంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చేతులు తడిగా ఉన్నప్పుడు పుస్తకం ముట్టకూడదని, ఎండ తగిలే చోట పెట్టకూడదని, ఉన్నవాటికి జాబితా వ్రాసుకోవాలని నీకు నేను చెప్పనక్కరలేదు. చెప్పవలసింది మేడ మీది గది గురించి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఆ గది పడమటి కిటికీ తలుపు ఊడి వరండాలో పడింది. మేము కింది గదిలో గొళ్ళేలకు తాళ్ళు కట్టి కూర్చున్నాం. తెల్లవారి పైకి వెళితే బీరువాలో అడుగు అరలోని పుస్తకాలు నీళ్ళు తాగి ఉబ్బిపోయి ఉన్నాయి. కరెంటు లేని ఆ రోజుల్లో విసనకర్రతో విసురుతూ ఒక్కొక్క కాగితం విడదీశాను. అప్పుడు తెలిసిన సంగతి ఒకటుంది. పాత నాసిరకం న్యూస్‌ప్రింటు కాగితం తడిసినా ఓపికపడితే విడివడుతుంది, వంకర పోతుంది గాని చదువుకోవచ్చు. ఇప్పటి అమెరికా కామిక్స్‌కు వాడే నున్నని పూత కాగితం అలా కాదు, తడిసి ఆరిందంటే పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా తయారవుతుంది, ఇక దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. అంటే నువ్వు ఖరీదు పెట్టి కొన్న కొత్త పుస్తకాలకే ఎక్కువ ప్రమాదం. కనుక కింద నడిమి గదిలో, బయటి గోడకు ఆనించకుండా, నేల నుంచి రెండడుగుల ఎత్తున అరలు చేయించు. ఆ గదిలో నా మంచం ఉందని మొహమాటపడకు, నేను వరండాలోకి మారగలను.

సముద్రం మనకు ఆటోలో వెళ్ళేంత దూరం. ఆ ఉప్పుగాలి మన కిటికీ ఊచలను ఏం చేసిందో చూశావు కదా, పుస్తకం నడుమ ఉండే స్టేపుల్ పిన్నులనూ అదే చేస్తుంది. ముందు పిన్ను తుప్పు పడుతుంది, తరువాత చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది, చివరికి అట్ట ఊడి చేతికి వస్తుంది. గదిలో తేమ చూపే చిన్న గడియారం వంటిది దొరుకుతుంది, అది కొనుక్కో, దాని ముల్లు సగం దగ్గర ఉంటే చాలు. ఒక్కొక్క పుస్తకానికి పాలీప్రొపిలీన్ సంచీ, వెనుక ఆమ్లం లేని అట్ట పెట్టాలి. చొక్కాల పెట్టెల్లో వచ్చే మామూలు అట్ట పెడితే దానిలోని ఆమ్లమే పుస్తకానికి ఎక్కుతుంది. మెత్తగా ఉండి వాసన వేసే పీవీసీ సంచులు వద్దే వద్దు. మీ అమ్మమ్మ పద్ధతిలో వేపాకు వేస్తానంటే బాగా ఎండినదే వెయ్యి, పచ్చిది చెమ్మను తెస్తుంది. జపాను బొమ్మల కథలు, అదే మాంగా, వాటి సంపుటాలు కూడా చవక కాగితమే, అంచుల నుంచి పచ్చబడడం మొదలవుతుంది. అది చవక కాగితంలో మిగిలిపోయే లిగ్నిన్ అనే చెక్క పదార్థం స్వభావం, దానికి నువ్వు బెంగపడి చేయగలిగింది లేదు.

మాంగా అంటే గుర్తొచ్చింది. కిందటి దసరాకు నువ్వు నా చేతిలో 'వన్ పీస్' మొదటి సంపుటం పెట్టి, కుడి నుంచి ఎడమకు చదవమని చెప్పి, నేను రెండు పేజీలు తారుమారుగా చదివితే నవ్వావు. అది 1997లో మొదలై ఇప్పటికీ సాగుతోందనీ, వంద సంపుటాలు దాటిపోయిందనీ విన్నప్పుడు, ఏడాదికో రెండేళ్ళకో ముగిసే ధారావాహికలకు అలవాటుపడిన నాకు ఆ రచయిత ఓపిక చూసి భయమేసింది. అయినా చదివాను. బాగుంది. నీ దగ్గరున్న అన్నిటిలో పది కాలాలు నిలిచేది, నువ్వు మళ్ళీ మళ్ళీ తెరిచేది అదేనని నా అనుమానం.

ఇక డబ్బు సంగతి. 2024 అక్టోబరులో వచ్చిన 'అబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్' మొదటి సంచికకు నీ దగ్గర నాలుగు రకాల అట్టలున్నాయనీ, వాటి ధర పెరుగుతుందనీ మీ అమ్మతో అన్నావట. ఒకే కథకు నాలుగు అట్టలెందుకమ్మా? 1938లో పది సెంట్లకు అమ్మిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో అరవై లక్షల డాలర్లకు పోయిందంటే, అప్పటి పిల్లలు దాన్ని దాచలేదు గనుకనే. చింపారు, పారేశారు, యుద్ధకాలంలో చిత్తుకాగితాల సేకరణకు ఇచ్చేశారు. మిగిలినవి చాలా తక్కువ. 1991లో 'ఎక్స్‌మెన్' కొత్త మొదటి సంచిక అయిదు రకాల అట్టలతో ఎనభై లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళలో చాలామంది పిల్లల చదువులకు పనికొస్తుందని సంచీలో పెట్టి దాచారు. అందరూ దాచినదాన్ని ఎవరు కొంటారు? ఆ పొంగు చల్లారిపోయి, 1996 డిసెంబరు నాటికి ఆ పుస్తకం వేసిన మార్వెల్ సంస్థ దివాలా పిటిషను పెట్టవలసి వచ్చింది. నాలుగింటిలో నీకు నచ్చిన అట్ట ఒకటి ఉంచుకుని మిగిలిన మూడూ అమ్మెయ్యి. పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి పదికి ఇన్ని మార్కులని వేసే పద్ధతి ఒకటుందట, దాని మీద నాకు మరింత కోపం. తెరవడానికి వీలులేని పుస్తకాన్ని పుస్తకమని ఎలా అనడం?

ఇంద్రజాల్ కట్ట విషయంలో మాత్రం నీ ఆశ నాకు తెలుసు. 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలైన ఆ పుస్తకాలు 1990 దాకా వచ్చాయి. మన స్టేషన్ ప్లాట్‌ఫారం మీది దుకాణంలో హిందీవి వేలాడేవి. హిందీలో ఫాంటమ్ పేరు వేతాళ్. విక్రమార్కుడి భుజం మీది బేతాళుడు తప్ప మరో బేతాళుణ్ణి ఎరుగని నేను, ముసుగు వేసుకుని గుర్రమెక్కిన ఆ మనిషి శవంలోంచి ఎప్పుడు మాట్లాడతాడా అని పుస్తకం చివరిదాకా ఎదురుచూశాను. అయితే ఫోటోలు చూసి రెండు లక్షలు పంపకు. అప్పు చేసి అసలే వద్దు. మనిషిని కలిసి, ప్రతి సంచికకూ పేజీలు లెక్కపెట్టు, నడిమి పేజీలు పిన్నుకు పట్టి ఉన్నాయో లేదో చూడు, కత్తిరించిన కూపన్లు ఉన్నాయేమో చూడు. అట్ట మాత్రం తెల్లగా మెరుస్తూ లోపలి కాగితం పచ్చగా ఉంటే ఆ అట్ట ఈమధ్య అచ్చువేసి అతికించినదేమోనని అనుమానించు. పాతవాటిని పది కొని, ఆర్నెల్లు చదివి, తరువాత మరో పది కొనవచ్చు.

ఇప్పుడు బైండింగు మాట.

నా దగ్గర 1962 నుంచి 1973 దాకా చందమామలు ఉండేవి. నాన్నగారు ప్రతి నెలా స్టేషన్ నుంచి తెచ్చేవారు. పక్కింటి ఒడియావారికి అదే పత్రిక 'జహ్నమామూ' పేరుతో వచ్చేది, పాతబడ్డాక వాళ్ళు నాకిచ్చేవారు. అవే కథలు, శంకర్ గారు వేసిన అవే విక్రమార్కుడి బొమ్మలు, లిపి ఒక్కటే వేరు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, తెలుగు మాట కింద ఒడియా మాట పెన్సిలుతో అంచున వ్రాసుకునేవాణ్ణి. బడిలో ఒడియా పాఠాలు బుర్రకెక్కని నాకు ఆ భాష పట్టుబడింది ఆ అంచుల్లోనే. మీ అమ్మకు అప్పుడు ఆరేడేళ్ళు. పుస్తకం చివర రెండు ఫోటోలిచ్చి వాటికి జంట వ్యాఖ్యలు వ్రాసి పంపమని పోటీ ఉండేది కదా, మీ అమ్మ అప్పుడే నేర్చుకున్న అక్షరాలతో తన వ్యాఖ్యలు ఆ ఫోటోల అడుగున వ్రాసేది. పోస్టు చేయడానికి కార్డు కొనిమ్మంటే నేను కొనివ్వలేదు. వ్రాసినంత మాత్రాన బహుమతి వస్తుందా అని ఎగతాళి చేశాను.

1975లో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంలోంచి ఆ పుస్తకాలన్నిటినీ గోనెసంచిలో వేసి సైకిలు మీద పెద్దబజారులో ఒక బైండరు దగ్గరకు తీసుకువెళ్ళాను. ఏడాదికొక సంపుటం, ఎర్ర కాలికో గుడ్డ, వెన్ను మీద బంగారు అక్షరాలు. ఎలా చేయాలని అతను అడిగితే, "నీట్‌గా చెయ్యి" అన్నాను. ఆ ఒక్క మాటే నా తప్పు. అతను తన పనిని నిజాయితీగానే చేశాడు. అట్టలు మందంగా ఉంటే కుట్టు సరిగా పడదని అట్టలన్నీ చింపి పారేశాడు. వాటిలో మన పొరుగున శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు వేసినవి ఎన్నో ఉన్నాయి. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కటింగు మిషనులో పెట్టి మూడువైపులా కోశాడు. వెన్నులో కుట్టు లోతుగా వేయడంతో ప్రతి పంక్తిలోనూ లోపలి వైపు రెండేసి అక్షరాలు మడతలోకి పోయాయి. సంపుటాలు తెచ్చి వరుసగా పేర్చి, వచ్చిన వాళ్ళందరికీ గర్వంగా చూపించాను. చాలా ఏళ్ళు వాటిని తెరవనే లేదు.

నువ్వు పుట్టిన ఏడు మీ అమ్మ పురిటికి వచ్చి, ఒక మధ్యాహ్నం ఒక సంపుటం తీసి చివరి పేజీలు తిప్పింది. ఫోటోల అడుగున తన వ్రాత ఉండవలసిన చోట తలకట్లు మాత్రం మిగిలి ఉన్నాయి. వాటి కింది అక్షరాలన్నీ కత్తి తీసుకుపోయింది. వరుసగా చిన్న చిన్న టిక్కుల్లా తలకట్లు. మీ అమ్మ ఏమీ అనలేదు, "ఏం రాశానో గుర్తు లేదురా అన్నయ్యా" అని నవ్వి మూసేసింది. నేను వ్రాసుకున్న ఒడియా మాటలూ పోయాయి, వాటికి నేను బాధపడలేదు. ఇంకొక సంగతి, ఆ మైదా జిగురు రుచి మరిగి వెండిరంగు పురుగులు చేరి వెన్నులన్నీ తినేశాయి.

కనుక బైండింగు వద్దు, లామినేషను వద్దు, చిరిగినచోట సెల్లోటేపు అంటించడం అసలే వద్దు, ఆ టేపు కొన్నేళ్ళకు ఊడిపోయి గోధుమరంగు మరకను శాశ్వతంగా ఉంచి పోతుంది. మడత ఉంటే మడతతోనే ఉండనీ. ఎవరో పిల్లవాడు పేరు వ్రాసుకుని ఉంటే చెరపకు, దాని వల్ల ధర తగ్గినా సరే.

ఇంతగా కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. నువ్వు వచ్చేసరికి అరల కొలతలు వడ్రంగికి చెప్పి ఉంచుతాను, వెడల్పు ఎంత కావాలో ఫోన్‌లో చెప్పు. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో బైండరు దగ్గరకు వెళ్ళకుండా మిగిలిపోయిన చందమామలు పదకొండు ఈమధ్య దొరికాయి, అవి నీకే. వాటిలో 1967 నాటి ఒక సంచికలో చివరి పేజీ అడుగున పెన్సిలు వ్రాత చెక్కుచెదరకుండా ఉంది. నేను చదివాను గాని ఏముందో ఇక్కడ వ్రాయను. దానికి సంచీ తొడిగే ముందు మీ అమ్మ చేతికి ఒకసారి ఇయ్యి.

ఇట్లు,
మీ మామయ్య