‘ఆ రెండేళ్లు ఏం చేశారు?’ అనగానే గొంతు ఎండిపోతోంది

ప్రశ్న: మాది మదనపల్లె. 2023లో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేశాను. ఆ జులైలోనే నాన్నకు గుండె ఆపరేషన్ కావడంతో మా టమాటా మండీ లెక్కలు చూసుకుంటూ రెండేళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయాను. ఇప్పుడు తమ్ముడు చేతికందివచ్చాడు. నేను బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ జావా కోర్సు చేశాను. నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఆ రెండేళ్ల మాట ఎత్తగానే చెమటలు పడతాయి, తెలిసినవి కూడా మరచిపోతాను. మండీ సంగతి చెబితే నవ్వుతారని ‘ప్రిపేర్ అవుతున్నాను’ అంటున్నాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండేళ్ల అనుభవం ఉన్నట్టు పత్రాలు ఇస్తామంటున్నారు. వచ్చే గురువారం ఎలక్ట్రానిక్ సిటీలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి తేల్చేద్దాం. వద్దు. నీతి మాట అటుంచండి, అసలు లెక్కే కుదరదు. పీఎఫ్ ఖాతాలకు 2014 నుంచి, ఉద్యోగం మారినా మారని యూఏఎన్ అనే నంబరు ఉంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో, ఏ నెల చందా పడిందో అందులో కనిపిస్తుంది. ఉద్యోగంలోకి తీసుకునే ముందో, చేరిన కొన్ని నెలలకో కంపెనీలు దాన్ని చూస్తాయి. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతాయి. కాగితం ఇచ్చినవాడు డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు, సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరు. ఇంకో చిక్కు కూడా ఉంది. నిజం చెప్పడానికే గొంతు ఎండిపోతున్న మనిషి, లేని ప్రాజెక్టు గురించి ముప్పావు గంట ఎలా మాట్లాడతారు?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కన్సల్టెన్సీ దగ్గర ఆగాను, రెండోసారి మండీ దగ్గర. మీ భయానికి వేరు అక్కడే ఉందని నా అనుమానం. ప్రశ్న కష్టమైనదై కాదు, జవాబు దాచిపెట్టాలనుకోవడం వల్ల మీకు చెమటలు పడుతున్నాయి. ఒక చేత్తో తలుపు మూసి పట్టుకుని ఇంకో చేత్తో వడ్డన చేయమంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

అసలు ఏం దాస్తున్నారో చూడండి. 2023 జులై నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లో మేలు రకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. ధర లేక రైతులు రోడ్డు పక్కన పారబోసే పంట కూడా అదే. అలాంటి నెలలో లెక్కల ముందు కూర్చుని, వేలం ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా ఉంటే ఎవరి సరుకు ఎంతకు పోయిందో రాసి, కమీషను తీసి, రైతు చేతికి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, ఇచ్చారు. ఇరవై ఏళ్ల పైచిలుకు వయసులో ఆ పని చేసిన అమ్మాయిని చూసి నవ్వేవారు ఉంటే, వాళ్ల దగ్గర ఉద్యోగం రాకపోవడమే మేలు.

కాబట్టి గురువారం ఆ ప్రశ్న వస్తే ఇలా చెప్పండి: ‘2023లో మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. మాది టమాటా మండీ. రెండేళ్లు లెక్కలు నేనే చూశాను. ఇప్పుడు ఆ బాధ్యత తమ్ముడు తీసుకున్నాడు. నేను బెంగళూరు వచ్చి జావా నేర్చుకున్నాను, ఇక్కడే ఉండి పనిచేయాలని వచ్చాను.’ అక్కడ ఆపండి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఎదుటివారు రెండు క్షణాలు మాట్లాడకపోతే ఆ ఖాళీని నింపాలని ‘నిజానికి నాకు కూడా బాధగానే ఉంది, సమయం వృథా అయింది’ అంటూ తమ మీద తామే ఫిర్యాదు మొదలుపెడతారు. ఆయన మౌనంగా ఉన్నది మీ రెజ్యూమెలో తర్వాతి వరుస చదవడానికే కావచ్చు.

గ్యాప్ గురించి అడిగేవారికి మీ కుటుంబ చరిత్ర అక్కరలేదు. చదివింది మరచిపోయారా, మళ్లీ ఇంటికి వెళ్లిపోతారా అన్న రెండు అనుమానాలు తీరితే చాలు. పై జవాబులో చివరి రెండు వాక్యాలు వాటికోసమే. ఆడపిల్ల కనుక ‘పెళ్లి ఎప్పుడు?’ అని కూడా అడగవచ్చు. అడగకూడని ప్రశ్నే, అయినా అడుగుతారు. ‘ఉద్యోగం చేయాలనే వచ్చానండి’ అని ఒక్క మాట చెప్పి నవ్వి ఊరుకోండి. జీతం ఎంత కావాలంటే, కొత్తగా చేరేవారికి కంపెనీ ఇచ్చేదానికి ఒప్పుకుంటానని చెబితే సరిపోతుంది.

తెలియని టెక్నికల్ ప్రశ్న వేరే సంగతి. జావాలో పేరు చెబితే దానికి చెందిన విలువను వెతికి ఇచ్చే హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందని అడిగారనుకోండి. హ్యాష్‌కోడ్‌తో బకెట్ దొరుకుతుందని, అందులో ఈక్వల్స్‌తో పోల్చి చూస్తుందని మీకు గుర్తుంది. ఒకే బకెట్లో పడినవి లిస్టుగా ఉంటాయని తెలుసు కానీ, చాలా పడితే ఏమవుతుందో గుర్తులేదు. అప్పుడు మొత్తానికే ‘సారీ సర్’ అనకండి. తెలిసినంత చెప్పి, ‘ఇక్కడిదాకా తెలుసు. లిస్టు పొడవైతే వెతకడం నెమ్మదిస్తుంది కనుక ఏదో మార్పు చేస్తుండాలి, అది మాత్రం నాకు గుర్తులేదు’ అనండి. జావా 8 నుంచి ఆ లిస్టు పెద్దదైతే చెట్టు రూపంలోకి మారుతుంది. మీరు ఆ మాట చెప్పలేకపోయినా, అక్కడ చిక్కు ఉందని పట్టుకున్నారు కదా, అడిగేవారు వెతికేది దాన్నే.

పైగా మీకు ఇంకో అండ ఉంది. మండీలో ఒకే పేరున్న రైతులు పదిమంది వస్తే ఎలా వేరు చేసేవారు? ఊరి పేరు, తండ్రి పేరు కలిపి రాసి ఉంటారు. డేటాబేస్‌లో కాంపోజిట్ కీ అంటే అదే. పుస్తకంలోని నిర్వచనం కన్నా ఈ ఉదాహరణ చెప్పండి. నేను కొన్నేళ్లు బల్లకు అవతలివైపు కూర్చుని ఇంటర్వ్యూలు చేశాను. మధ్యాహ్నం మూడింటికి, అదే నిర్వచనం ఏడోసారి విన్నాక, ఇలాంటి మాట చెప్పే మనిషి వస్తే తల ఎత్తి చూస్తాం.

అవతలివైపు నుంచి ఇంకో మాట కూడా చెప్పాలి. అభ్యర్థుల గురించి రాసుకునే కాగితంలో ‘చేతులు వణికాయి’ అని నేను ఎన్నడూ రాయలేదు. ‘అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి’ అని మాత్రం చాలాసార్లు రాశాను. వణుకు మనకు తెలిసినంతగా ఎదుటివారికి కనిపించదు. 1998లో థామస్ గిలోవిచ్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని సరదాగా పరీక్షించారు. ఐదు పానీయాల్లో ఒకటి రుచి చెడ్డది. ఏది చెడ్డదో ముఖంలో తెలియనివ్వకుండా తాగాలి. తాగినవాళ్లు తమ ముఖం చూసి చాలామంది కనిపెట్టేసి ఉంటారనుకున్నారు. నిజంగా కనిపెట్టినవాళ్లు అంతకన్నా తక్కువ.

గుండె దడకు గది బయట చేయగలిగింది ఒకటుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఏడెనిమిది లెక్కపెడుతూ వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. ఐదారు సార్లు చాలు. జవాబులను మాత్రం మనసులో చదువుకోవద్దు. రేపటి నుంచి రోజూ రాత్రి పీజీ మేడ మీదకు వెళ్లి ఆ ఐదు వాక్యాలూ ఇంగ్లిషులో గట్టిగా చెప్పి ఫోనులో రికార్డు చేసుకోండి. మొదటి రోజు వినబుద్ధి కాదు. నా గొంతు నేను విన్నప్పుడు నాకూ అంతే.

గురువారం ప్రయాణాన్ని తేలిగ్గా తీసుకోకండి. మారతహళ్లి నుంచి రింగు రోడ్డు మీద పొద్దున పూట నలిగి, సిల్క్ బోర్డు దగ్గర ఇంకోసారి నలిగి చేరితే, ఎంత ధైర్యస్థులకైనా సగం ఓపిక అక్కడే పోతుంది. సిల్క్ బోర్డు దాకా బస్సులో వెళ్లి అక్కడ మెట్రో ఎక్కండి. 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా నడుస్తోంది. గంట ముందు చేరినా ఫరవాలేదు, టీ తాగవచ్చు.

మండీ లెక్కలు కంప్యూటర్లో ఉంటే ఆ ఫైలు ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని వెళ్లండి. అడిగితేనే చూపించండి. రైతుల పేర్లు, ఫోను నంబర్లు మాత్రం ముందే తీసేయండి. ఎందుకు తీసేశారని అడిగితే, ‘అవి నావి కావు కదండీ’ అని చెప్పండి.