క్వారీ తూటాలకు గోడలు బీటలిస్తున్నాయి. గొయ్యి పూచీ ఎవరిది?

ప్రశ్న: మాది కొవ్వూరు వైపు డెల్టా అంచున ఉన్న ఊరు. మా పొలం గట్టు దాటితే నల్లరాయి క్వారీ. తూటాలు పేల్చినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు కదులుతున్నాయి, కొత్తగా కట్టిన ఇంటి గోడలు బీటలిచ్చాయి. లీజు వచ్చే ఏడాదితో అయిపోతుందట. నీళ్ళు నిండిన ఆ పెద్ద గొయ్యిని అలాగే వదిలేసి పోతారని టెన్షన్‌గా ఉంది. పంచాయతీలో అడిగితే ‘మా చేతుల్లో లేదు’ అంటున్నారు.

జవాబు: పంచాయతీ వాళ్ళ మాట సగం నిజం. లీజు గనుల శాఖది, పేలుళ్ళ భద్రత కేంద్రం కింద పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌ది. అయితే క్వారీ మూయించాలని మొదలుపెట్టకండి. కాటన్ ఆనకట్టకు ధవళేశ్వరం కొండ రాయి వాడారు, ఒండ్రు నేల డెల్టాకు ఇప్పటికీ మెట్ట రాయే దిక్కు. ‘నియమాల ప్రకారం నడిపించండి’ అన్న అర్జీని పక్కన పడేయడం కష్టం.

‘చిన్న క్వారీ, గనుల చట్టం మాకు వర్తించదు’ అనే మాట మీకు తప్పక వినిపిస్తుంది. నమ్మకండి. 1952 నాటి గనుల చట్టం రాతి క్వారీలకు చాలావరకు మినహాయింపు ఇచ్చింది లోతు 6 మీటర్లు, పనివాళ్ళు 50 మంది మించకుండా, పేలుడు పదార్థం అసలు వాడకుండా ఉంటేనే. 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ షరతులు ఇవే. తూటా పెట్టారంటే ఆ మినహాయింపు పోయినట్టే.

ఇక బీటల సంగతి. ఇటుక, సిమెంటు ఇళ్ళ దగ్గర నేల అదురు ఎంత ఉండొచ్చో డైరెక్టరేట్ 1997 సర్క్యులర్‌లో ఉంది. అదురు ఫ్రీక్వెన్సీ, అంటే నేల సెకనుకు ఊగే సార్లు, 8 హెర్ట్జ్‌లోపు ఉంటే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, 8 నుంచి 25 దాకా 10, ఆపైన 15. కొలత క్వారీలో కాదు, మీ గుమ్మం దగ్గర తీయాలని రాతపూర్వకంగా అడగండి. ఈలోగా ఒక్కో బీటకు అడ్డంగా చిన్న గాజు ముక్కను రెండు కొసలా సిమెంటుతో అతికించి, తారీఖు రాసి ఫొటో తీయండి. బీట పెరిగితే గాజు పగులుతుంది. తూటా పేలిన రోజు, టైము నోట్‌బుక్‌లో రాసుకోండి. ‘పునాది సరిగా లేదు’ అని అవతలి లాయరు వాదిస్తాడు, నేనైనా అదే వాదిస్తాను. అందుకే ఇంజినీరు రిపోర్టు కూడా తీసుకోండి.

గొయ్యి విషయంలో లీజు నడుస్తుండగానే కదలాలి. లీజుదారు వెళ్ళిపోయాక పట్టుకోవడం నరకం. తవ్వకం ముగిశాక నేలను మళ్ళీ పచ్చిక పెరిగేలా లీజుదారు సొంత ఖర్చుతో చేయాలన్న షరతు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. మీ క్వారీకి ఏ షరతులున్నాయో పర్యావరణ అనుమతి పత్రం, మైనింగ్ ప్లాన్ చూస్తే తెలుస్తుంది. పూడ్చాలనే రాసి ఉండకపోవచ్చు, కంచె వేసి చెరువుగా ఉంచమని ఉండొచ్చు. ఈ రెండు కాగితాలూ, వాళ్ళు ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన అమలు నివేదికలూ 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.

షరతు తప్పినట్టు తేలితే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్ళొచ్చు. నష్టపరిహారానికి ఐదేళ్ళ గడువుంది, మిగతా వివాదాలకు ఆరు నెలలే. కాబట్టి బీటలు మొదట కనిపించిన తారీఖుకు ఆధారం దాచుకోండి.