అసెంబ్లీలో భక్తి పాట: పాప పాడాల్సిందేనా?

ప్రశ్న: మా పాప ప్రొద్దుటూరు దగ్గర సర్కారు హైస్కూల్లో ఎనిమిదో తరగతి. అసెంబ్లీలో రోజూ దేవుడి పాట పాడిస్తారు. మా మతం వేరు. పాడకుంటే విడిగా నిలబెడుతున్నారు. ఏం చేయాలి?
- ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: పాడాల్సిన పని లేదమ్మా. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడిలో మత ప్రార్థనకు ఎవర్నీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. మైనరైతే ఒప్పుకోవాల్సింది మీరు, హెడ్మాస్టరు కాదు.

ఒక తెల్లకాగితం మీద రాయండి: "28(3) ప్రకారం మా పాప మతపరమైన పాటలో పాల్గొనడానికి మా సమ్మతి లేదు. వరుసలోనే మౌనంగా నిలబడుతుంది." రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్తే రేపు "మాకెవరూ చెప్పలేదే" అంటారు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: "పాట ఆపేయండి" అని రాస్తారు. అది ఊరి గొడవైపోతుంది, పాప సంగతి పక్కకు పోతుంది. ముందు మినహాయింపే అడగండి. పాపను ఆలస్యంగా పంపడమూ వద్దు, హాజరు పోతుంది.

జాతీయగీతం వేరే సంగతి. దానికి మర్యాదగా లేచి నిలబడాలి. నిలబడి కూడా మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు కేరళ పిల్లల్ని బడినుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది.

విడిగా నిలబెట్టడం ఆగకపోతే అదే కాపీ జతచేసి జిల్లా విద్యాధికారికి ఇవ్వండి. పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధిస్తుంది. పాపకు పద్నాలుగేళ్ళు నిండకపోతే ఆ సెక్షన్ మాటా అర్జీలో రాయండి.