సందేహాలు – సమాధానాలు: ఊపిరి ‘ఆడటమేంటి’?

సందేహం: ‘ఊపిరాడటం లేదు’ అనేది తప్పు, ‘ఆక్సిజన్ అందటం లేదు’ అనాలి అంటున్నాడు ఇంటర్ చదివే మా అబ్బాయి. ఊపిరి మనం పీల్చేది కదా, దానంతట అది ఆడటమేంటి అని వాడి వాదన. ఏది సరి?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

సమాధానం: ‘ఊపిరాడటం లేదు’ నిక్షేపంలాంటి తెలుగమ్మా. నాడి ఆడుతుంది, భయమేస్తే కాలూచెయ్యీ ఆడవు, ఊపిరీ అంతే. ‘నాకు ఊపిరాడలేదు’లో కర్త ఊపిరి, మనం కాదు. మీవాడి జువాలజీ కూడా ఇదే చెబుతుంది. నిద్రలో పీల్చేదెవరు? మెదడు అడుగున ఉన్న మెడుల్లా, నిమిషానికి 12 నుంచి 16 సార్లు ఊపిరిని అదే ఆడిస్తుంటుంది. మనం పూనుకుని చేసేవాటికి పీల్చు, వదులు, బిగబట్టు అని వేరే క్రియలున్నాయి. బిగబట్టడం కూడా కాసేపే, ఆ తర్వాత మన మాట చెల్లదు.

చెల్లనివ్వనిది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. 1905లోనే ఆక్స్‌ఫర్డ్‌లో హాల్డేన్, ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చారు. రక్తంలో ఆ వాయువు పెరిగితే మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి చేరి, నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లగుణం రవ్వంత ఎక్కువైనా మెడుల్లాలోని కణాలు పసిగట్టి ఊపిరి జోరు పెంచేస్తాయి. ఆక్సిజన్‌ని కనిపెట్టుకుని ఉండేవి ముఖ్యంగా మెడలో, మెదడుకి రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమనుల దగ్గరున్నాయి గానీ, అది బాగా పడిపోతే తప్ప అవి పెద్దగా గోల చేయవు.

కాబట్టి మీవాడు చెప్పిన రెండు మాటలూ ఒకటి కావు. మన వైపు ఎండాకాలం బావుల్లో పిల్లలు ఎవరు ఎక్కువసేపు మునుగుతారో పందెం వేసుకుంటారు చూడండి, కొందరు దూకేముందు గబగబా పీల్చి వదులుతారు. దాంతో ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. ఇక నీళ్లలో ఆక్సిజన్ అయిపోవస్తున్నా ‘ఊపిరాడటం లేదు’ అనే బాధ రాదు, పైకి రావాలనిపించేలోపే స్పృహ తప్పుతుంది. (మీవాడికి ఈత సరదా ఉంటే ఈ పేరా రెండుసార్లు చదివించండి.) ఇక్కడ ఆక్సిజన్ అందలేదు, నిజమే, కానీ ఊపిరాడలేదన్న ఫిర్యాదే లేదు. ఇంకోవైపు, ఆయాసంతో ఊపిరాడక అల్లాడేవాళ్లకి వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒక్కోసారి 97 శాతం చూపిస్తుంది, అంటే రక్తంలో ఆక్సిజన్‌కి లోటు లేదన్నమాట.

వార్తల్లో ‘శ్వాస ఆడక’ అని కూడా రాస్తున్నారు, తప్పనను గానీ నా చెవికి ‘ఊపిరాడక’ అంటేనే ఇంపు.