అమెరికా నుంచి వచ్చాక మోకాలు వాచింది, రిపోర్టులన్నీ నార్మల్: లైమ్ వ్యాధి అయ్యుండొచ్చా?

మీ ప్రశ్న ఇది: నాన్నగారు పెన్సిల్వేనియాలో మీ అన్న దగ్గర ఐదు నెలలు ఉండి సెప్టెంబరులో అనంతపురం వచ్చారు. అప్పటినుంచి నీరసం వదలడం లేదు, ఒళ్ళునొప్పులు వచ్చిపోతున్నాయి, ఇప్పుడు ఒక మోకాలు వాచింది. ఇది పిడుదు కుట్టడం వల్ల వచ్చే లైమ్ వ్యాధేనా, ఇక్కడ పట్టుకోగలరా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు, ఔనో కాదో చెప్పలేను. కానీ మీరు రాసింది చదువుతుంటే మా అమ్మ కథే మళ్ళీ చదువుతున్నట్టు ఉంది. మాకు ఏడు నెలలు పట్టిన సంగతి మీకు వారంలో తేలాలని రాస్తున్నాను.

మాది కడప. 2022 మే నెలలో అమ్మ న్యూజెర్సీలో తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాళ్ళ ఇంటి వెనక చిన్న పెరడు, దాని అంచునే చెట్లు, జింకలు తిరిగే చోటు. పల్లెలో పెరిగిన మనిషి, చేతులు ఊరుకుంటాయా? గోంగూర, మెంతికూర వేసి రోజూ అక్కడే ఉండేది. జూన్‌లో మోకాలి వెనక అరచేయంత మచ్చ లేచింది. దురద లేదు, నొప్పి లేదు. ఎండకు పేలిందేమో అనుకుని గంధం పూసుకుంది. కొద్ది వారాలకు దానంతట అదే పోయింది. తమ్ముడికి చెప్పలేదు. అక్కడ ఆస్పత్రి ఖర్చు వేలల్లో అవుతుందని, కొడుకును ఇబ్బంది పెట్టకూడదని ఆమె భయం. ఎంతమంది అమ్మానాన్నలు అక్కడ ఇలాగే నోరు మూసుకుని ఉంటారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఆగస్టులో ఇంటికొచ్చింది. నీరసాన్ని ప్రయాణం బడలిక అన్నాం. జ్వరం తగిలితే డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు చేయించాం, ఏమీ లేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు పోయింది. పక్షవాతమని హడలిపోయాం. స్కాన్ బాగానే ఉంది, ముఖం నరం దెబ్బతిందన్నారు. బంధువులు పసరు మందుకు తీసుకుపొమ్మన్నారు. నెలన్నరకు మూతి సర్దుకుంది, మేమూ మరచిపోయాం. నవంబరులో కుడి మోకాలు బెలూన్‌లా ఉబ్బింది. వాపు అంత ఉన్నా నొప్పి మాత్రం ఓర్చుకునేంతే. 'ఈ వయసులో అరుగుదల మామూలే' అన్నారు ఒకచోట. ఇంకోచోట చికున్‌గున్యా మిగిల్చిన నొప్పులన్నారు. 2006లో మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగిన జ్వరం కాబట్టి మేమూ నమ్మేశాం. మూతికి ఒక డాక్టరు, మోకాలికి ఒక డాక్టరు, జ్వరానికి ఒక డాక్టరు. మూడింటినీ కలిపి చూసినవాళ్ళు లేరు. కలిపి చెప్పినవాళ్ళమూ కాము.

చివరికి డిసెంబరులో బెంగళూరులో అంటువ్యాధుల స్పెషలిస్టు ఒకాయన మొదటి ప్రశ్నే 'ఈ ఏడాది ఎక్కడెక్కడ ఉన్నారమ్మా?' అన్నారు. న్యూజెర్సీ అనగానే మచ్చ గురించి అడిగారు. అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అనుమానం లైమ్ వ్యాధి మీదే.

ఈ జబ్బును మోసేది నల్లకాళ్ళ పిడుదు. మన గొర్రెల మీద కనబడే పిడుదుల్లాగే ఉంటుందనుకోకండి. ఎక్కువగా అంటించేది దాని పిల్ల, గసగసం గింజంతే ఉంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు, తెలియకుండానే ఒకరోజుకు పైగా పట్టుకుని ఉంటుంది. మే నుంచి జులై దాకా వాటి కాలం. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, అటు విస్కాన్సిన్, మిన్నెసోటా వైపు ఈ జబ్బు ఎక్కువ. లైమ్ అన్నది కనెక్టికట్‌లో ఒక ఊరి పేరు. 1970లలో ఆ చుట్టుపక్కల పిల్లలకు వరసగా మోకాళ్ళు వాస్తుంటే, ఇది మామూలు కీళ్ళ జబ్బు కాదని పట్టుబట్టింది ఆ పిల్లల తల్లులే.

పిడుదు కుట్టిన 3 నుంచి 30 రోజుల్లో మచ్చ వస్తుంది, రోజురోజుకూ పెద్దదవుతుంది. ఇంటర్నెట్‌లో చూపించే ఉంగరాల ఆకారం అందరికీ రాదు, చాలామందికి ఒకే రంగు మచ్చ. మన చామనఛాయ ఒంటి మీద ఎర్రగా కాక కమిలినట్టు కనిపించవచ్చు. కొంతమందికి మచ్చే రాదు. అందుకని మచ్చ లేదన్నంత మాత్రాన లైమ్ కాదనడానికి లేదు. గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే ఆగకుండా ఈసీజీ తీయించండి. అరుదే గానీ ఇది గుండె కొట్టుకునే తీరునూ దెబ్బతీస్తుంది.

పరీక్ష రక్తంలో యాంటీబాడీలకు (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునేవి), రెండు దశల్లో చేస్తారు. మొదటి వారాల్లో నెగెటివ్ రావచ్చు. మీ నాన్నగారిలా నెలలు గడిచి మోకాలు వాచినవాళ్ళలో అయితే సాధారణంగా పాజిటివ్ వస్తుంది. దొరుకుతుందో లేదో ముందే ల్యాబ్‌కు ఫోన్ చేసి కనుక్కోండి, మా శాంపిల్ బయటికి పంపారు.

అమ్మకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రోజుకు రెండుసార్లు 28 రోజులు ఇచ్చారు. మచ్చ దశలో తెలిసి ఉంటే రెండు వారాల లోపే అయిపోయేది. ఆ మాత్ర నిండు గ్లాసు నీళ్ళతో, అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు. పాలు, కాల్షియం మాత్రలు దాంతోపాటు వద్దు. ఎండలోకి వెళ్తే చర్మం మాడుతుంది. మన వైపు ఎండలకు ఇది చిన్న మాట కాదు, అమ్మ డిసెంబరులోనే చేతులు కాల్చుకుంది. వాపు పూర్తిగా తగ్గడానికి రెండు నెలలు పట్టింది. నీరసం మరికొన్నాళ్ళు ఉంది, దానికి యాంటీబయాటిక్ పొడిగించినా లాభం లేదని ఆ డాక్టరే చెప్పారు. మీరుగా కొని వేయకండి.

అమెరికా ముఖం చూడనివాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. పొలానికో మేకల వెంటో వెళ్ళినవాళ్ళకు తగ్గని జ్వరం వస్తే స్క్రబ్ టైఫస్ సంగతి అడగండి. పురుగు కుట్టినచోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి పొక్కు ఉండొచ్చు. చంకలోనో, గజ్జల్లోనో, నడుము మడతలోనో దాక్కుంటుంది, నొప్పి ఉండదు. దానికీ ఎక్కువగా డాక్సీసైక్లినే మందు, సమయానికి వేస్తే మామూలుగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది.

మీరు ఈరోజే ఒక కాగితం మీద ఏ తేదీన ఎక్కడున్నారు, ఏ తేదీన ఏ లక్షణం మొదలైందో వరుసగా రాయండి. మీ అన్నను, పిల్లలను ఫోన్లు వెతకమనండి. మా తమ్ముడి కూతురు జూన్ 18న 'జేజి కాలి మీద పెద్ద సున్నా' అని నవ్వుతూ ఫోటో తీసిపెట్టుకుంది. ఆ ఫోటో చూసిన తర్వాతే బెంగళూరు డాక్టరు రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు.