గిటార్ మొదలుపెడుతున్న మా మేనకోడలికి

తల్లీ,

గిటార్ నేర్చుకుంటానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంబరంగా ఉంది. కొనేముందు ఈ నాలుగు మాటలు చదువు.

ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి ఆర్డర్ పెట్టకు. అబిడ్స్‌లోనో సికింద్రాబాద్‌లోనో దుకాణానికి వెళ్లి, చేతిలోకి తీసుకుని నొక్కి చూడు. 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీ) దగ్గర తీగలు దానికి 2, 2.5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే హాయి. 4 దాకా ఉంటే నొక్కలేక విసిగిపోతావు. చాలామంది మొదట్లోనే మానేసేది దీనివల్లేనని నా నమ్మకం. 'నా వేళ్లు చిన్నవి, నాకు రాదు' అనుకుంటారు, పాపం. సెటప్ చేసి, అంటే తీగల ఎత్తు సరిచేసి ఇమ్మని అక్కడే అడుగు. స్టీలు తీగలైతే 10 గేజ్‌వి, అంటే సన్నవి వేయించుకో.

ఎలాగూ కొన్ని వారాలు వేళ్ల కొసలు మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. వేలు ఫ్రెట్ కమ్మీకి కాస్త వెనక, దగ్గరగా పెడితే తక్కువ బలంతోనే మోగుతుంది. రోజుకి పావుగంట చాలు. కూర్చున్న ప్రతిసారీ ముందు ట్యూనర్ యాప్‌తో శ్రుతి చేసుకో.

ఇక అసలు సంగతి. ఎన్ని కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్లతో పట్టే పట్లు) వచ్చో లెక్కపెట్టుకోకు, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎంత తేలిగ్గా మారుతున్నావో చూసుకో. సి మేజర్ నుంచి ఎ మైనర్‌కి వెళ్లేటప్పుడు చూపుడువేలు, మధ్యవేలు కదలవు. ఉంగరం వేలొక్కటే (సన్నతీగ నుంచి లెక్కపెడితే) ఐదో తీగ మూడో ఫ్రెట్ నుంచి మూడో తీగ రెండో ఫ్రెట్‌కి వస్తుంది. అందుకే ఈ జంటతో మొదలుపెట్టమంటున్నాను. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టుకుని నాలుగు దెబ్బలకోసారి మార్చు. ఎడమచేయి తడబడినా కుడిచేయి మాత్రం ఆగకూడదు. ఆగి, సరిచేసుకుని, మళ్లీ మొదలుపెట్టడం అలవాటైతే పాటతో కలిపి వాయించడం చాలా కష్టం. ఒక తీగ మోగకపోతే ఎవరూ పట్టించుకోరు, తాళం తప్పితే పక్కింటివాళ్లకీ తెలుస్తుంది.

చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి అదిమే ఎఫ్ బార్ కార్డ్ జోలికి అప్పుడే వెళ్లకు. కాపో (మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) పెట్టుకుని తేలిక కార్డ్స్‌తోనే పాడుకో.

అన్నట్టు, మే నెలలో గిటార్‌ని కారులో వదిలేయకు. మన ఎండకి జిగురు మెత్తబడి, తీగలు బిగించే బ్రిడ్జ్ లేచిపోవచ్చు. వాయించాక తీగల్ని పొడిగుడ్డతో తుడువు, లేదంటే చెమటకి తుప్పు పడతాయి.

ఆ రెండు కార్డ్స్ చేతికి కుదిరాక ఫోన్‌లో రికార్డు చేసి పంపు. తాళం ఎక్కడ జారుతోందో విని చెప్తాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య