యూదుల వార్తలు, విదేశీ వ్యవహారాలు రాసే జర్నలిస్టు కావాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

ఈ రంగంలో కెరీర్ ఉంటుందా, దేనికి సిద్ధపడాలి అని అడిగారు. నేను జెరూసలెంలో ఉండి రాసినవాణ్ని కాను. ఓ తెలుగు దినపత్రికలో చాలా ఏళ్లు అంతర్జాతీయ పేజీ చూశాను. జెరూసలెం నుంచి వార్తాసంస్థలు పంపే కాపీని రోజూ తెలుగు చేసిన అనుభవంతో చెబుతున్నా.

కెరీర్ ఉంది. లండన్‌లో జ్యూయిష్ క్రానికల్ 1841 నుంచి వస్తోంది. న్యూయార్క్ ఫార్వర్డ్ 1897లో యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) పత్రికగా మొదలైంది. జేకబ్ లాండౌ 1917లో హేగ్‌లో పెట్టిన వార్తాసంస్థే నేటి జ్యూయిష్ టెలిగ్రాఫిక్ ఏజెన్సీ. ఇలాంటి చోట స్థానిక సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), స్కూళ్ల వార్తలతో మొదలుపెట్టి వాషింగ్టన్, జెరూసలెం బీట్లకు, అంటే అక్కడి వార్తల బాధ్యతకు, వెళ్లొచ్చు. హీబ్రూ నేర్చుకోండి. అరబిక్ కూడా వస్తే సగం కథ చెప్పి ఊరుకోవాల్సిన పని ఉండదు. ప్రమాదం గురించీ తెలిసే రండి. ముంబై కేంద్రంగా పనిచేసిన వాల్‌స్ట్రీట్ జర్నల్ విలేకరి డేనియల్ పెర్ల్‌ను 2002లో కరాచీలో ఎత్తుకెళ్లి చంపేశారు. 2023 అక్టోబరు తర్వాత గాజా యుద్ధంలో చనిపోయిన జర్నలిస్టుల్లో అత్యధికులు పాలస్తీనీయులు.

వీటన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది మాటల తేడా. అది నాకు తప్పు చేశాకే తెలిసింది.

2008 నవంబరులో ముంబై ఉగ్రదాడుల్లో, అక్కడి యూదు కేంద్రం నారిమన్ హౌస్‌లో రబ్బీ గావ్రియెల్ హోల్ట్జ్‌బర్గ్, ఆయన భార్య రివ్కా హతమయ్యారు. రెండేళ్ల కొడుకు మోషెను ఆయా శాండ్రా శామ్యూల్ బయటకు తెచ్చింది. ఆ రాత్రి నేను రబ్బీని ‘యూదు పూజారి’ అని రాశాను. రబ్బీ అంటే బోధకుడు, ధర్మశాస్త్రం తెలిసినవాడు. పూజారి వేరు. సుమారు నెలకే, డిసెంబరు 27న గాజాపై ఇజ్రాయెల్ బాంబుదాడులు మొదలయ్యాయి. రెండు కాలమ్స్‌లో హెడ్డింగ్ ఇమడట్లేదు. ‘ఇజ్రాయెల్’ తీసేసి ‘యూదుల’ అని పెట్టాను. పేజీ వెళ్లిపోయింది.

మర్నాడు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం నుంచి ఓ పెద్దాయన ఫోన్ చేశారు. అక్కడ యూదు ధర్మం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. ఆయన కోప్పడలేదు. ‘‘మేం ఎవరి మీదికీ పోలేదు గదయ్యా, పేపర్లో మేమే కొట్టామని రాశారేంది?’’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఒక ప్రభుత్వం చేసినదాన్ని, దేశదేశాల్లో బతుకుతున్న జనం మొత్తానికి నేను అంటగట్టేశాను. ఈ బీట్‌లో యూదులు, ఇజ్రాయెలీలు, ఇజ్రాయెల్ ప్రభుత్వం, జియోనిస్టులు (యూదులకు సొంత దేశం ఉండాలనేవాళ్లు) నాలుగూ నాలుగు మాటలు. అలాగే హమాస్ అనే సాయుధ సంస్థ వేరు, పాలస్తీనీయులు వేరు. హెడ్డింగ్ పట్టకపోతే ఫాంటు తగ్గించండి, మాట మార్చకండి.

తర్వాతి శుక్రవారం ఆ ఊరు వెళ్లాను. పొద్దుగూకకముందే దీపం పెట్టారు. శుక్రవారం పొద్దుగూకాక మొదలయ్యే విశ్రాంతి దినం సబ్బాత్ నాడు రాయడం నిషిద్ధమని తెలిసి నోట్‌బుక్ సంచిలోనే ఉంచేసి కూర్చున్నా. శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు పొడిచి సబ్బాత్ ముగిశాక పెన్ను తీసి, మిమ్మల్ని మీరు ఏమని పిలుచుకుంటారని అడిగాను. ‘బెనె ఎఫ్రాయిమ్’ (ఎఫ్రాయిమ్ సంతానం) అన్నారు. అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకున్నాను.